ఊఁ కొట్టే వార్డు: ఎనిమిది బుధవారాల ప్రాజెక్టు డైరీ

మే 28, 2025

ఇవాళ ఆట లేదు, పాఠం లేదు. వార్డులో ఒక మూల స్టూలు వేసుకుని మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా కూర్చున్నాను. రెండింటికి డ్యూటీ మారుతుంది. ఉదయం డ్యూటీ సిస్టర్ కేస్ షీట్ల కట్ట పట్టుకుని ఒక్కో మంచం వివరాలు చదువుతూ పోయారు. కొత్తగా వచ్చిన సిస్టర్ తల వంచుకుని నోటుబుక్కులో రాసుకున్నారు. పన్నెండు మంచాల అప్పగింత ఆరు నిమిషాల్లో ముగిసింది. ఆ ఆరు నిమిషాల్లో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గుమ్మం దగ్గర ఒక ఆయమ్మ ఖాళీ బేసిన్‌తో నిలబడి రెండుసార్లు నోరు తెరిచారు. మూడోసారి తెరవకుండానే వెళ్ళిపోయారు. వెనకే వెళ్ళి ఏమిటని అడిగాను.

"ఏం లేదమ్మా. తొమ్మిదో మంచం వాళ్ళ అమ్మాయి మధ్యాహ్నం బస్సుకు ఊరెళ్ళిపోయింది. ముసలమ్మ ఒక్కతే ఉంది. రాత్రికి ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి కదా" అన్నారు.

ఈ మాట రాసుకోవడానికి కేస్ షీటులో గడి లేదు.

నాటకపు ఆటలు నేర్పే నన్ను ఆసుపత్రి యాజమాన్యం మొదట పిలిచింది 'టీమ్ బిల్డింగ్' కోసం. ఒక ఆదివారం అందరినీ రిసార్టుకు తీసుకెళ్ళి తాడు లాగించాలి, కుర్చీలాట ఆడించాలి, సాయంత్రం బహుమతులు పంచాలి. ఆ పని చెయ్యనని చెప్పాను. ఆదివారం పూట కలిసి తాడు లాగినవాళ్ళు సోమవారం మళ్ళీ ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోవడం నేను చాలా చోట్ల చూశాను. అసలు అవసరం ఏమిటని నర్సింగ్ సూపరింటెండెంట్ గారిని అడిగితే రెండు నెలల కిందటి సంగతి చెప్పారు. షుగరు ఉన్న ఒక పెద్దాయనకు స్కానింగ్ ఉందని పొద్దుటి నుంచి ఏమీ పెట్టలేదు. యంత్రం పనిచేయక స్కానింగ్ మర్నాటికి వాయిదా పడింది. అక్కడికి వెళ్ళొచ్చిన వార్డు బాయ్‌కి ఆ సంగతి తెలుసు. రసీదు మీద తేదీ మార్చిన బిల్లింగ్ కౌంటర్‌కు తెలుసు. వార్డులో సిస్టర్‌కు తెలియదు. మూడున్నరకు ఆయనకు చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నారు.

"తప్పెవరిదని విచారించాం మేడం. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు" అన్నారు ఆమె.

ఒకరి మాట ఒకరు వినడం నేర్పే ఆటల కోసం ఎనిమిది బుధవారాలు అడిగాను, రెండున్నర నుంచి నాలుగు దాకా. రెండు డ్యూటీల వాళ్ళూ దొరికే సమయం అది. ఒక షరతు పెట్టాను: ఆ గంటన్నరను డ్యూటీగా లెక్కకట్టాలి. ఇంటికి వెళ్ళవలసిన మనిషిని ఆపి ఆడిస్తే అది వెట్టి అవుతుంది. దానికి ఒప్పుకున్నారు. పేర్లు ఇచ్చినవాళ్ళు ఇరవై మంది: పదకొండు మంది సిస్టర్లు, ముగ్గురు ఆయమ్మలు, ఇద్దరు వార్డు బాయ్‌లు, రిసెప్షన్ నుంచి ఇద్దరు, బిల్లింగ్, ఫార్మసీల నుంచి ఒక్కొక్కరు. డ్యూటీ డాక్టర్లు 'వీలైతే' వస్తామన్నారు.

జూన్ 4

నాలుగో అంతస్తు మీటింగు గది. పెద్ద బల్లను బయట పెట్టించి, కుర్చీలు గోడకు చేర్చాం. నా పరిచయంలో తెనాలి, పరిషత్తు నాటకాలు అనే మాటలు వచ్చేసరికి ఆయమ్మలు ముగ్గురూ గోడవైపు జరిగారు. "మాకు యాక్షన్ చెయ్యడం రాదమ్మా" అన్నారు ఒకరు. ఈ మాట ప్రతిచోటా వింటాను. నాటకం అనగానే ఎవరో చూస్తారు, మార్కులు వేస్తారు అన్న భయం.

అందుకని రాసుకెళ్ళిన మొదటి ఆటను పక్కన పెట్టి, "వీరీ వీరీ గుమ్మడిపండు ఎంతమందికి వచ్చు?" అని అడిగాను. గదిలో గాలి మారింది. పదిహేడు చేతులు లేచాయి.

ఆటలో చిన్న మార్పు చేశాను. ఒకరు కళ్ళు మూసుకుంటారు. మిగిలినవాళ్ళలో ఒకరు వచ్చి, భుజం తట్టే బదులు, తాము రోజూ పనిలో అనే ఒక్క మాట అంటారు. "వీరి పేరేమి?" అని అందరూ అడుగుతారు. గొంతును బట్టి పేరు చెప్పాలి. "బిల్లు కట్టారా?" అనగానే అందరికీ తెలిసిపోయింది. "ఎడం చెయ్యి ఇవ్వండి, నరం దొరకడం లేదు" దగ్గర ఇద్దరు సిస్టర్ల మధ్య తేడా పట్టుకోలేక ఒకాయన తంటాలు పడ్డారు.

ఆయమ్మలు ముగ్గురూ ప్రతి గొంతునూ మొదటి ప్రయత్నంలోనే చెప్పేశారు. తరువాత ఒక సిస్టర్ కళ్ళు మూసుకున్నారు. "అటు తిరుగు నాయనా, దుప్పటి మార్చాలి" అంది గొంతు. "ఆయమ్మ" అన్నారు సిస్టర్. "వీరి పేరేమి?" అని గది అంతా అడిగింది. సిస్టర్ కళ్ళు తెరిచారు, చెప్పలేకపోయారు. మూడేళ్ళుగా ఒకే వార్డులో పనిచేస్తున్నారట. ఎవరూ నవ్వలేదు. సిస్టర్ ఆమె దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని పేరు అడిగారు. ఇంటిపేరు కూడా.

ఈ పద్ధతి మీద నాకున్న నమ్మకం ఎక్కడిదో రాసిపెట్టుకోవాలి. షికాగోలో వలస కుటుంబాల పేటలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం ఉండేది. అక్కడ నీవా బాయిడ్ పిల్లల ఆటలతో బడి నడిపింది. ఆమె దగ్గర నేర్చుకున్న వయోలా స్పోలిన్ 1930ల చివర ప్రభుత్వ ఉపాధి పథకంలో నాటక శిక్షకురాలిగా పనిచేస్తూ, వేర్వేరు భాషల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల కోసం కొత్త ఆటలు కట్టింది. ఆ ఆటల్లోంచే ఇవాళ్టి ఆశు నాటకం, అంటే ముందు రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లి ఆడే కళ, పెరిగింది. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో సెకండ్ సిటీ నాటకశాలను తెరిచాడు. ఇవాళ కార్పొరేట్ శిక్షణల్లో ఆడిస్తున్న వాటిలో చాలా ఆటలకు వేరు అక్కడే ఉంది. అవి పుట్టింది రంగస్థల తారల కోసం కాదు, ఒకరి మాట ఒకరికి తెలియని పేటల కోసం.

జూన్ 11

ఆశు నాటకం నేర్పేవాళ్ళు లోకమంతటా మొదట చెప్పే సూత్రం 'అవును, ఇంకా'. ఎదుటివాళ్ళు ఇచ్చినదాన్ని తీసుకో, దానికి నీది ఒకటి కలుపు. ఇంతకుముందు ఒక ఆఫీసులో దీన్ని మాటకు మాటగా తెలుగులో పెట్టి దెబ్బతిన్నాను. 'అవును, ఇంకా' అని తెలుగువాళ్ళెవరూ అనరు. ఆట ఆడినంతసేపూ అరువు చొక్కా తొడుక్కున్నట్టు ఉండేది.

మనకు అంతకంటే మంచి మాట ఉంది: ఊఁ. చిన్నప్పుడు మంచం మీద అమ్మమ్మ కథ చెబుతుంటే మనం చేసిన పని అదే. ఊఁ ఆగితే కథ ఆగేది. "నిద్రపోయావా?" అని అడిగేది.

ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టాను. ఒకరు సంతకు వెళ్ళిన కథ చెప్పాలి. మొదటి విడతలో వినేవారు ప్రతి వాక్యానికీ "కాదు" అనాలి. రెండో విడతలో "సరే గానీ" అని తమ సంగతి ఎత్తుకోవాలి. మూడో విడతలో "ఊఁ, అందుకని?" అంటూ సాగనివ్వాలి. ఒక్కో విడత రెండు నిమిషాలు. 'కాదు' విడత అందరికీ కష్టంగా ఉంటుందని ఊహించాను. కానీ అన్నిటికంటే ఒళ్ళు మండించింది 'సరే గానీ' విడత అని ముక్తకంఠంతో చెప్పారు. "కాదంటే కనీసం విన్నాడని తెలుస్తుంది మేడం. ఇందులో విన్నట్టే ఉంటుంది" అన్నారు ఫార్మసీ ఆయన. రిసెప్షన్ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా నేను అనేది అదే మాట" అంది.

రెండో ఆట చివరి మాట ఆట. ఎదుటివాళ్ళ వాక్యంలోని ఆఖరి మాటతోనే మన వాక్యం మొదలుపెట్టాలి. అంత్యాక్షరి ఆడినవాళ్ళు కాబట్టి వెంటనే పట్టుకున్నారు. దీని ఉపయోగం ఇంగ్లీషు కంటే తెలుగులో ఎన్నో రెట్లు ఎక్కువని ఇవాళే నాకు తట్టింది. మన వాక్యంలో ముఖ్యమైన సంగతి ఆఖరున ఉంటుంది. "ఏడో మంచానికి పదింటి యాంటీబయాటిక్" అని విని తల ఊపేస్తే ఏమీ తెలియనట్టే. ఇచ్చాను, ఇవ్వలేదు, ఇవ్వాలి, ఇవ్వొద్దన్నారు. ఈ నాలుగింటిలో ఏదో తేలేది క్రియ దగ్గరే. మధ్యలో మాట అందుకునే అలవాటు ఉన్నవాళ్ళు క్రియను మింగేస్తారు. ఇది చెప్పగానే సిస్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

జూన్ 18

ఇవాళ తరగతి అరగంట ముందే ఆపేశాను. కారణం ఒక ప్రశ్న.

ఊఁ ఆటను పని సందర్భాల్లోకి తెచ్చాను. ఒకరు డాక్టరు, ఒకరు సిస్టర్. డాక్టరు ఏం చెప్పినా సిస్టర్ తీసుకుని, దానికి ఒకటి కలిపి ముందుకు నడపాలి. నాలుగు జంటలు ఆడాక, పద్నాలుగేళ్ళ సర్వీసు ఉన్న ఇన్‌ఛార్జి సిస్టర్ లేచారు.

"మేడం, డాక్టరు గారు చెప్పిన మోతాదు తప్పని నాకు అనిపించినా ఊఁ కొట్టాలా?"

నేను "ఆట వేరు, పని వేరు కదా" అన్నాను. చెత్త జవాబు.

"అలాగయితే ఈ ఆట మాకెందుకు?" అన్నారు ఆమె. మర్యాదగానే అడిగారు. సరైన ప్రశ్న.

రాత్రి పదకొండు దాటింది. ఇంకా బల్ల దగ్గరే ఉన్నాను. విమాన సిబ్బంది శిక్షణ గురించి చదివినవన్నీ గుర్తుకొస్తున్నాయి. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనరీఫ్ విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. బయలుదేరుతున్న విమానం కెప్టెన్ ఆ సంస్థలో అందరికంటే పెద్ద శిక్షకుల్లో ఒకరు. రన్‌వే మీద పరుగు మొదలయ్యాక, అవతలి విమానం ఇంకా పక్కకు తప్పుకోలేదేమో అని ఫ్లైట్ ఇంజినీరు అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇంజినీరు రెండోసారి అడగలేదు. కిందివాళ్ళు అడగడం, పైవాళ్ళు ఆగి వినడం నేర్పితే వచ్చే విద్యలని ఇలాంటి ప్రమాదాల తరువాతే విమానయాన సంస్థలు గుర్తించాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 1981లో అలాంటి శిక్షణ మొదలుపెట్టింది.

నేను నేర్పుతున్నది కెప్టెన్‌కు ఊఁ కొట్టడమైతే, నేను ఆసుపత్రికి హాని చేస్తున్నాను.

ఒంటిగంట. అమ్మమ్మ మంచం మళ్ళీ గుర్తొచ్చింది. మేము ఊఁ ఎలా కొట్టేవాళ్ళం? "ఊఁ... అదేమిటి అమ్మమ్మా, ఆ రాజు నిన్ననే చచ్చిపోయాడన్నావుగా?" అని లేచి కూర్చునేవాళ్ళం. అదీ ఊఁ కొట్టడంలో భాగమే. మొదటి నుంచీ ఊఁ కొట్టినవాడికే కథ ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఊఁ అంటే 'విన్నాను' అని. 'ఒప్పుకున్నాను' అని కాదు. ఈ తేడాను నేనే కలిపేశాను. మిగిలిన ఐదు వారాల పథకాన్ని కొట్టేసి కొత్తగా రాస్తున్నాను.

జూన్ 25

ముందు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు అందరి ముందూ జవాబు చెప్పాను. అమ్మమ్మ రాజు కథ విని ఆమె మొదటిసారి నవ్వారు. ఒక డ్యూటీ డాక్టరు కూడా ఇవాళే వచ్చారు, ఎంబీబీఎస్ ముగించి ఏడాది అయిన అమ్మాయి.

ఇవాళ్టి ఆట పేకముక్కలు. కీత్ జాన్‌స్టన్ లండన్‌లో రాయల్ కోర్ట్ నాటకశాలలో పనిచేసే రోజుల్లో, ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటే వాళ్ళ అంతస్తు ఏతాం బద్దలా లేస్తూ దిగుతూ ఉంటుందని గమనించాడు. ఆ తరువాత కెనడాలో కాల్గరీ చేరి అక్కడ ఈ విద్యను పెంచాడు. ప్రతివారి నుదుటి మీద ఒక పేకముక్క. ఎవరిది వారికి కనపడదు. ఎదుటివాళ్ళ ముక్క విలువను బట్టి వాళ్ళతో మసలుకోవాలి. ఐదు నిమిషాల తరువాత ఎవరి విలువ ఎంతో వారే ఊహించి వరుసలో నిలబడాలి.

ఇక్కడ పొరపాటు చేశాను. ముక్కలు కలిపి పంచాను, ఎవరికేది వస్తే అది. వార్డు బాయ్‌లలో చిన్నవాడికి రెండు వచ్చింది. ఐదు నిమిషాలు గది అంతా అతణ్ణి తోసింది, మాటకు జవాబివ్వలేదు, "ఒరేయ్" అంది. వరుస కట్టమనగానే అతను నేరుగా చివరికి వెళ్ళి నిలబడ్డాడు. ముక్క తీసి చూసుకుని, "నాకు చూడక్కర్లేదు మేడం, రోజూ ఇదే కదా" అన్నాడు. రోజంతా రెండు ముక్కగా బతికే మనిషికి ఆటలో కూడా రెండు ఇవ్వడం అన్యాయం. క్షమించమని అడిగాను. ఇకనుంచి ఈ ఆటలో ముక్కలు నేనే చూసి పంచుతాను. పై మెట్టు మీదివాళ్ళకు చిన్న ముక్క, కింది మెట్టు మీదివాళ్ళకు రాజు.

రెండో విడత అలాగే ఆడాం. డాక్టరమ్మకు మూడు, ఆయమ్మకు రాజు, ఇన్‌ఛార్జి సిస్టర్‌కు నాలుగు. ఇంగ్లీషులో ఈ ఆట నిలబడే తీరు మీద, చూపు మీద నడుస్తుంది. తెలుగులో అంతస్తు క్రియలోనే వినపడుతుంది. "కుర్చీ జరుపు", "జరుపమ్మా", "జరపండి", "కాస్త జరుపుతారా అండీ". ఒకే కుర్చీ, నాలుగు మెట్లు. డాక్టరమ్మ ఏ మాట మొదలుపెట్టినా అవతలివాళ్ళు తల తిప్పుకుంటున్నారు. ఆమె మూడుసార్లు చెప్పబోయి మానేశారు. తరువాత అందరం నేల మీద కూర్చున్నప్పుడు, "నేను చెప్పాలనుకున్నది ముఖ్యమే. కానీ మూడోసారికి నాకే అది ముఖ్యం కాదేమో అనిపించింది" అన్నారు. నేను మే 28న బేసిన్‌తో గుమ్మంలో నిలబడినావిడ వైపు చూశాను. ఆమె డాక్టరమ్మనే చూస్తున్నారు.

ఆట ముగిశాక, వార్డులో ఇకనుంచి ఎవరు ఎవరినైనా "అండీ" అనే పిలవాలా అని చర్చ వచ్చింది. ఆయమ్మలే వద్దన్నారు. "నోరారా అమ్మా అని పిలుస్తున్నారు కదా, అది చాలు. పేరు కలిపి పిలవండి" అన్నారు. అదే ఖాయమైంది.

జూలై 2

జ్వరాల కాలం మొదలైంది. మంచాలన్నీ నిండాయి. తొమ్మిది మందే వచ్చారు. పైకి వెళ్ళకుండా వార్డు పక్కన సామాన్ల గదిలోనే అరగంట ఆడాం.

స్పోలిన్ ఆట ఒకటి: అర్థం లేని భాషలో మాట్లాడి పని చేయించుకోవాలి. రోగి పడుకుని ఉండగానే దుప్పటి మార్చే పని ఇచ్చాను. ఎనిమిది నెలల కిందట కేరళ నుంచి వచ్చిన సిస్టర్ ఒకరున్నారు. తెలుగు తక్కువ, మీటింగుల్లో నోరు విప్పరు. ఈ ఆటలో అందరికంటే స్పష్టంగా చెప్పింది ఆమే. ఏ చెయ్యి ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు ఆగాలో, అన్నీ కళ్ళతో, గొంతుతో. ఆశ్చర్యం ఏముంది, ఎనిమిది నెలలుగా ఆమె చేస్తున్న పని అదే. ఆట అయ్యాక ఒక ఆయమ్మ "మీ భాషలో నొప్పిని ఏమంటారు?" అని అడిగారు. "వేదన" అన్నారు సిస్టర్. "అయ్యో, మాకు వేదన మనసుకే" అన్నారు ఆయమ్మ.

జూలై 9

మా బాబాయిని తీసుకొచ్చాను. వయసులో ఉన్నప్పుడు ఆయన బుర్రకథ దళంలో వంత. పొన్నెకల్లు నాజరు గారి కథలు విని పెరిగిన తరం. ఈ వయసులో మెట్లు ఎక్కలేనేమో అన్నారు గానీ, లిఫ్టు ఉందంటే వంతలు వాయించే డక్కీని సంచిలో పెట్టుకుని బయలుదేరారు.

దారిలో బస్సులో అడిగాను, "బాబాయ్, వంత అంటే తందాన తాన అనడమే కదా, అంత కష్టమా?" అని.

"అది ఎవరైనా అంటారు అమ్మాయ్. కథకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో వంతకు తెలియాలి. ఆయన కంటే అర క్షణం ముందు తెలియాలి. అలా తెలియాలంటే మన గొప్ప మనం మరిచిపోవాలి" అన్నారు.

బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలు. హాస్యపు వంత ఒకరు, రాజకీయపు వంత ఒకరు. ఇద్దరూ తానతందానతో ఆగరు. జనం మనసులో ఉన్న ప్రశ్నను కథకుణ్ణి వాళ్ళే అడుగుతారు. "అదెట్లా జరిగింది?" అంటారు. కథకుడు వివరంగా చెప్పక తప్పదు. వంత లేకపోతే కథకుడు తనకు తెలిసింది తనకే చెప్పుకుంటూ పోతాడు.

బాబాయి గంటసేపు వంత పట్టించారు. ఒక సిస్టర్ ఉదయం డ్యూటీలో జరిగినదాన్ని కథగా చెప్పాలి, ఇద్దరు చెరో పక్కన నిలబడి వంత పాడాలి, కథ మధ్యలో కనీసం రెండు ప్రశ్నలు అడగాలి. డక్కీ మోగుతుంటే ఎవరికీ బెరుకు మిగల్లేదు. మొదటి బుధవారం గోడకు జరిగిన ఆయమ్మే ఇవాళ "మరి ఆ పిల్లాడికి పాలెవరు పట్టారమ్మా?" అని కథను ఆపి అడిగారు. కథ చెబుతున్న సిస్టర్ దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. డ్యూటీ అయ్యాక వెళ్ళి కనుక్కున్నారు.

అప్పుడు ఆ చిన్న వార్డు బాయ్ లేచి అన్నాడు: "మేడం, రెండింటి అప్పగింత కూడా ఇలాగే చెయ్యకూడదా? దిగే సిస్టర్ మధ్యలో, ఎక్కే సిస్టర్ ఒక పక్క, ఆయమ్మో మేమో ఇంకో పక్క." గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సూపరింటెండెంట్ గారు నోటుబుక్కు తెరిచి రాసుకున్నారు. రేపటి నుంచి ఒక్క వార్డులో మొదలు. ప్రతి మంచం దగ్గరా మూడో మనిషిని "ఇంకొక మాట?" అని అడగాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే "అంతే" అనాలి. అంతవరకూ పక్క మంచానికి కదలకూడదు.

ఈ ఆరు వారాల్లో నేను తెచ్చిన ఏ ఆటకన్నా ఇది గొప్పది. దీన్ని ఇచ్చింది ఆ అబ్బాయి, బాబాయి డక్కీ.

జూలై 16

మూడు పక్కల అప్పగింతకు ఆరు నిమిషాల బదులు పదకొండు నిమిషాలు పడుతోంది. ఇంటికి వెళ్ళే తొందరలో ఉన్న సిస్టర్లు ఇద్దరు సణిగారు. న్యాయమే. ఈ ఐదు నిమిషాలను డ్యూటీ వేళల్లో ఎక్కడ సర్దాలో ఇంకా తేలలేదు.

ఇవాళ అవధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చిన ఆ విద్య గురించి ఒక ఆయమ్మకు కూడా తెలుసు. వాళ్ళ ఊరి గుడిలో చూశారట. పద్యాలు రాకపోయినా అంశాలు అరువు తెచ్చుకోవచ్చు. రిసెప్షన్ వాళ్ళకు నిషిద్ధాక్షరి: "తెలియదు", "అది మా పని కాదు" అన్న మాటలు నిషేధం, అయినా అబద్ధం చెప్పకూడదు. సిస్టర్లకు దత్తపది: డాక్టరుకు ఫోను చేసినప్పుడు నాలుగు సంగతులు తప్పకుండా రావాలి. ఇప్పుడేమైంది, అంతకుముందు కథ ఏమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. ఈ నాలుగు మెట్ల పద్ధతి అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చింది. మూడో మెట్టు దగ్గరే అందరూ తడబడ్డారు. "నాకేమనిపిస్తోంది" అని డాక్టరుతో అనడం వాళ్ళెప్పుడూ చేయని పని. డాక్టరమ్మ ఫోను అవతలి గొంతుగా కూర్చుని, ఆ మెట్టు దాటేదాకా ఒక్కొక్కరినీ వదల్లేదు. ఇన్‌ఛార్జి సిస్టర్ వంతు వచ్చినప్పుడు, డాక్టరమ్మ కావాలనే తప్పు మోతాదు చెప్పారు. "విన్నాను డాక్టరు గారూ. పది రెట్లు ఎక్కువ వినపడింది. మళ్ళీ చెప్పండి" అన్నారు సిస్టర్, గొంతు పెంచకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా.

అసలు పని అప్రస్తుత ప్రసంగం దగ్గర జరిగింది. ఒక సిస్టర్ ట్రేలో మందులు సర్దుతూ ఉండాలి, మాకు మందుల బదులు రంగు గుండీలు. మిగిలినవాళ్ళు బిల్లు గురించి, టిఫిను గురించి, ఫోను ఛార్జింగ్ గురించి అడుగుతూ ఉండాలి. జవాబిస్తూనే ఆమె పని తప్పకూడదు. ఆరుగురు ప్రయత్నించారు. ఒక్కరి ట్రే కూడా సరిగ్గా రాలేదు. నా ఉద్దేశం, అంతరాయం నుంచి తిరిగి దారిలోకి రావడం నేర్పుదామని. సిస్టర్లు వేరే పాఠం తీసుకున్నారు. "మేము అవధానులం కాదు మేడం. మందులు సర్దేటప్పుడు మమ్మల్ని ఎవరూ పలకరించకూడదు" అన్నారు ఇద్దరు ఒకేసారి. వాళ్ళదే సరైన మాట. ఆ పదిహేను నిమిషాలు గుమ్మంలో ఒక ఆయమ్మ నిలబడి వచ్చేవాళ్ళను ఆపడానికి ఒప్పుకున్నారు.

చివరగా ధారణ. అవధాని అన్ని పద్యాలనూ ఆఖరున వరుసగా అప్పజెప్పినట్టు, అప్పగింత తీసుకున్న సిస్టర్ ముఖ్యమైన నాలుగు సంగతులు తిరిగి చెప్పాలి. అవధానంలో ప్రేక్షకులు ఊపిరి బిగబట్టేది ఆ ఘట్టంలోనే. ఇక్కడా అంతే.

జూలై 23

ఆఖరి బుధవారం. పై గదికి వెళ్ళలేదు. మే 28న కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నాను.

లెక్క రాయాలి కాబట్టి రాస్తున్నాను. మే చివర విన్న పది అప్పగింతల్లో, తీసుకునేవారు ప్రశ్న అడిగినవి రెండు. ఈ వారం విన్న పదింటిలో ఏడు. నేను కూర్చున్నానని అందరికీ తెలుసు కాబట్టి ఈ అంకెను ఎక్కడా గొప్పగా చెప్పుకోను. సెప్టెంబరులో చెప్పకుండా వచ్చి మళ్ళీ వింటాను.

కానివి కూడా ఉన్నాయి. పెద్ద డాక్టర్లు ఒక్కరూ రాలేదు. ఆటలు అన్నిటికంటే అవసరమైనది వాళ్ళకే. ఫార్మసీ ఆయన నాలుగో వారం తరువాత మానేశారు. తనకు ఇది పడదని ముఖం మీదే చెప్పారు. బలవంతం చెయ్యలేదు, చెయ్యకూడదు. ఓ.పి. దగ్గర పొద్దున పదింటికి జరిగే గొడవ రెండు కౌంటర్లు చాలక జరిగేది. దానికి మూడో కౌంటరు కావాలి, ఆట కాదు. నివేదికలో ఈ వాక్యం పెడుతున్నాను, తీసెయ్యమన్నా తియ్యను.

రెండయింది. ముగ్గురూ మంచాల మధ్య నడవడం మొదలుపెట్టారు. దిగే సిస్టర్ మధ్యలో, ఎక్కే సిస్టర్ ఒక పక్క. ఆమె కేరళ సిస్టరే. ఇంకో పక్క జూన్ 4న పేరు దొరకని ఆయమ్మ. పదకొండో మంచం దగ్గర దిగే సిస్టర్, "ఈయనతో జాగ్రత్త. ఏం చెప్పినా వినరు. మాత్రలు చేతికిస్తే దిండు కింద పెడుతున్నారు" అన్నారు.

"ఇంకొక మాట?" అని అడిగారు కేరళ సిస్టర్.

"వినరు కాదమ్మా, వినపడదు. ఎడమ చెవి. కుడివైపు నిలబడి చెబితే వేసుకుంటారు, పొద్దున నేను వేయించాను."

"కుడివైపు" అన్నారు సిస్టర్. రాసుకుని, మంచం చుట్టూ తిరిగి ఆయన కుడివైపుకు వెళ్ళి, తన పేరు చెప్పారు. ఆయన తల తిప్పి చూశారు.

"అంతే" అన్నారు ఆయమ్మ. పన్నెండో మంచం దగ్గరికి వెళ్ళారు.